సువార్త రాసిన మూడో పరీక్ష

దయ్యాలను నేను నమ్మను. ఇంత జరిగాక కూడా నమ్మను. ఇది చదివి దయ్యం కథ బాగుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఇందులో దయ్యం లేదు. ఒక పరీక్ష ఉంది, ఒక సంతకం ఉంది, ఒక ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం ఇప్పుడు నేను చేస్తున్నాను.

మాది మానవపాడు దగ్గర పల్లె. నాలుగెకరాల మిరప చేను తప్ప వేరే ఆధారం లేని ఇల్లు. నేను బీఎస్సీ చదివాను. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంటే, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని తగువు పెట్టుకునేదాన్ని. ఆ తగువులకే మా అమ్మ నాకు నోరెక్కువ అని పేరు పెట్టింది.

సువార్త నాకు గద్వాల డిగ్రీ కాలేజీలో పరిచయం. ధరూర్ వైపు పల్లె వాళ్ళది. అమ్మ మరియమ్మ కూలికి వెళ్తుంది. నాన్న ఏడాదిలో ఎక్కువ రోజులు వలస పనుల్లోనే ఉంటాడు. సువార్త కూడా చిన్నప్పటి నుంచి సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయేది. సాయంత్రం మొగ్గలు ఒలిచి పెట్టి, మరునాడు పొద్దున వాటికి మగపువ్వు పుప్పొడి అద్దే పని అది. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి లైబ్రరీకి వచ్చేసరికి ఆమె వేళ్ళ చివర్లు పచ్చగా ఉండేవి. ఆ వేళ్ళతోనే పేజీలు తిప్పేది. లైబ్రరీలో ఉన్న పది మందిలో లెక్కలు ఆమె అంత వేగంగా చేసేవాళ్ళు ఎవరూ లేరు. నేనైతే అసలే కాదు.

జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇద్దరం ఒకే నెట్ సెంటర్‌లో, ఒకరి తర్వాత ఒకరం దరఖాస్తు చేశాం. అందుకే హాల్ టికెట్ నంబర్లు పక్కపక్కన వచ్చాయి. ఆమెది ఆరుతో ముగుస్తుంది, నాది ఏడుతో. పరీక్ష గదిలో ఆమె ముందు, నేను వెనక.

మొదటిసారి పరీక్ష రాశాం. కీ చూసుకుంటే సువార్తకు ఉద్యోగం ఖాయం. నెల తిరగకుండానే పేపరు ముందే బయటికి పోయిందని తేలింది, పరీక్ష రద్దు చేశారు. మళ్ళీ తేదీ ఇచ్చారు, మళ్ళీ రాశాం. ఈసారి ప్రశ్నపత్రాల నంబర్లు కలగాపులగం అయ్యాయని కొందరు కోర్టుకు పోయారు. అదీ రద్దు. పేపరు అమ్ముకున్నవాడు ఎవడో, నంబర్లు కలిపినవాడు ఎవడో మాకు తెలియదు. వాళ్ళ జీతాలు ఆగినట్టు మాత్రం ఎక్కడా వినలేదు.

రెండోసారి రద్దయిన వార్త చదివి సువార్త పేపరు మడిచి బల్ల మీద పెట్టింది.

"తప్పు చేసినోళ్లు వాళ్లు. మళ్ల పరీక్ష మనకెందుకే రేణుకా? వాళ్లకు పెట్టాలె గదా," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లెక్కల పుస్తకం తీసింది.

మూడో పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉందనగా సువార్తకు జ్వరం వచ్చింది. క్రాసింగ్ పని జోరుగా సాగే రోజులు. మధ్యలో మానేస్తే కుదరదని చేను గుత్తకు పట్టినాయన అన్నాడట. ఊళ్ళో సూది వేయించుకుని మూడు రోజులు అలాగే పనికి పోయింది. నాలుగో రోజు మరియమ్మ ఆటోలో దవాఖానకు తెచ్చింది. ఏ దవాఖానో చెప్పను. అక్కడ పెద్ద డాక్టరు పోస్టు ఖాళీ, రక్తం పరీక్షలు చేసే మనిషి పోస్టు ఖాళీ. కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. కబురు తెలిసి వచ్చిన నేనూ ఆటో ఎక్కాను. అలంపూర్ చౌరస్తా దాటకముందే సువార్త పోయింది.

ఖాళీలు, ఖాళీలు అని ఏళ్ళ తరబడి నోటిఫికేషన్లలో చదివాం. మాకు అవి భర్తీ కావాల్సిన అంకెలు. ఖాళీ అంటే ఏమిటో ఆ రోజు ఆటోలో మరియమ్మ ఒడిలో చూశాను.

మూడో పరీక్షకు నేను వెళ్ళకూడదనుకున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆ కోపం మీద వెళ్ళాను.

సెంటర్ గద్వాలలోనే, ఒక హైస్కూల్లో. పొద్దున పదింటికి పరీక్ష. గది గోడ మీద అంటించిన కాగితంలో సువార్త నంబరు కూడా ఉంది. ఉండటంలో వింత లేదు. పాత దరఖాస్తులతోనే పరీక్ష పెట్టారు, ఆమె చనిపోయిందని ఎవరూ వాళ్ళకు రాసి పంపలేదు. వేలిముద్రలు తీసే యంత్రం ఆ రోజు పనిచేయలేదు. సంతకాలతో సరిపెట్టారు.

గది కిటికీల నుంచి ఎండ పడుతోంది. నా ముందు బెంచి ఖాళీగా ఉంది. మిగతావన్నీ నిండాయి. ఇది గట్టిగా చెప్పగలను, ఎందుకంటే పరీక్ష అయ్యేదాకా నా చూపు తల ఎత్తినప్పుడల్లా అక్కడికే పోయింది. బెంచి చెక్క మీద ఎవరో కంపాస్ ముల్లుతో చెక్కిన గుండె బొమ్మ కూడా నాకు కనపడుతూనే ఉంది. అక్కడ మనిషి కూర్చుంటే అది కనపడదు.

ఇన్విజిలేటర్ నలభై ఏళ్ళ టీచరమ్మ. ఆ ఖాళీ బెంచి మీద కూడా జవాబులకు గోళాలు దిద్దే ఓఎంఆర్ షీటు, ప్రశ్నపత్రం పెట్టింది. రానివాళ్ళవి అరగంటకు తీసేస్తారు. ఆమె తీయలేదు. సంతకాల కాగితం పట్టుకుని వరసగా వస్తూ, నా ముందు బెంచి దగ్గర ఆగింది. అందరి దగ్గర ఎంతసేపు ఆగిందో అక్కడా అంతసేపే ఆగింది. ఆబ్సెంట్ అని రాసుకుంటోందనుకున్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చింది. నేను నా గడి వెతుక్కుని సంతకం పెట్టాను. పై గడి చూడలేదు. ఎందుకు చూడలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఫలితాలు వచ్చిన రోజు మరియమ్మ మా ఊరికి వచ్చింది. రెండు ఆటోలు మారి, మధ్యాహ్నం ఎండలో, చేతిలో ఫోను పట్టుకుని. దరఖాస్తులో సువార్త ఇచ్చింది వాళ్ళ అమ్మ నంబరే. ఆ ఫోనుకు మెసేజ్ వచ్చింది. పక్కింటివాళ్ళు చదివి చెప్పిందాన్ని ఆమె నమ్మలేదు.

"నువ్వు సదువు బిడ్డా. ఆళ్లు ఏందేందో చెప్తుండ్రు," అంది.

చదివాను. సువార్త పేరు, ఆరుతో ముగిసే నంబరు. సర్టిఫికెట్ల పరిశీలనకు హాజరు కావాలని ఉంది.

పొరపాటయి ఉంటుందని చెప్పాను. నేనూ అదే అనుకున్నాను. ముందటి పరీక్ష మార్కులు వేశారేమో, నంబర్లు తారుమారయ్యాయేమో. వాళ్ళకు అది కొత్తేమీ కాదు. మరియమ్మను కూర్చోబెట్టుకునే నా ఫోనులో ఓఎంఆర్ షీటు తెరిచాను. నంబరు, పుట్టిన తేదీ కొడితే ఎవరిదైనా వస్తుంది.

షీటు ఆ మూడో పరీక్ష తేదీతోనే ఉంది. గోళాలన్నీ దిద్ది ఉన్నాయి. అంచులు దాటకుండా, మధ్య నుంచి బయటికి తిప్పుతూ. కింద తెలుగులో సంతకం. సువార్త తన పేరులోని ఆఖరి ఒత్తును కిందికి లాగి, మొత్తం పేరు కింద గీతలాగా తీసుకుపోయేది. కాలేజీలో సార్లు అది సంతకమా, ముగ్గా అని అడిగేవారు. ఆ గీత అక్కడ ఉంది.

నా షీటు కూడా తెరిచి పక్కన పెట్టుకుని ప్రశ్న ప్రశ్నకూ చూశాను. నా షీటే ఆమె పేరు మీద కాపీ అయి ఉంటుందన్న ఆశ కూడా పోయింది. నేను తప్పు చేసిన లెక్కలన్నీ ఆ షీటులో ఒప్పు.

జాబితాలో సువార్త చాలా పైన ఉంది. నేను చిట్టచివర. మా కోటాలో పోస్టులు లెక్క పెడితే, నాకు ఒక్కటంటే ఒక్క అడుగు ముందే అయిపోతున్నాయి. పైనున్నవాళ్ళలో ఒక్కరు రాకపోయినా ఆ అడుగు నాకు దొరుకుతుంది. ఇది నాకు ఆ రోజే తెలుసు. తెలిసే మరియమ్మను తీసుకుని పరిశీలనకు వెళ్ళాను.

పెద్ద హాలు, వరసగా టేబుళ్ళు. సువార్త పేరు మూడుసార్లు మైకులో పిలిచారు. మూడోసారికి మరియమ్మ లేచి వెళ్ళింది. వెనక నేను. టేబుల్ దగ్గర యాభై దాటిన సూపరింటెండెంట్ ఉన్నాడు. ఆమె సంచీలోంచి చావు సర్టిఫికెట్ తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. విసుక్కున్నాడు. చనిపోయిన మనిషికి ఉద్యోగం ఎట్లా ఇస్తామమ్మా, ఊరికి పో అన్నాడు.

"నౌకరి అడగనీకె రాలే సారూ," అంది మరియమ్మ. "నా బిడ్డ ఆ దినం వచ్చి రాసిందా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి. మీ తాన కాయితం ఉంటది గదా."

ఆమె గొంతు పెద్దది చేయలేదు. కానీ చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు తలెత్తారు. ఆయన ఎవరికో ఫోన్ చేశాడు, గంట తర్వాత సంతకాల కాగితం కంప్యూటర్‌లో తెప్పించాడు. ఫోటో, నంబరు, సంతకం, పక్కన ఇన్విజిలేటర్ సంతకం. దాని కింద నాది. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. చావు తేదీ, పరీక్ష తేదీ. ఆయన ముఖంలో మొదట రంగు మారింది, తర్వాత గొంతు మారింది.

"ఎవర్ని పంపిండ్రు రాయనీకె? ఒకరి బదులు ఒకరు రాస్తె జైలే, ఎరుకేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పేపరు అమ్ముకున్నవాళ్ళు దొరకలేదు గానీ, బిడ్డను పోగొట్టుకున్న కూలీ ఆమె మాత్రం దొంగలా దొరికింది వీళ్ళకు. ఈ రాజ్యంలో కూలోళ్ళ బిడ్డకు దొంగతనంగా ఉద్యోగం రాసి పెట్టేవాళ్ళు ఎవరున్నారు? చనిపోయినామె కోసం పరీక్ష రాస్తే ఎవరికి లాభం? ఆయనతో ఇదంతా అన్నాను. ఆమె వెనక బెంచీలో కూర్చున్నది నేనేనని, ముందు బెంచిలో ఎవరూ కూర్చోలేదని కూడా చెప్పాను.

ఆయన నా హాల్ టికెట్ అడిగి తీసుకుని చూశాడు. జాబితాలో నా నంబరు వెతికాడు. తర్వాత మెల్లగా, దాదాపు దయగా మాట్లాడాడు.

"చూడమ్మా. నువ్వు చెప్పింది కాయితం మీద పెడ్తె విచారణ అయితది. విచారణ అయితె లిస్టు మొత్తం ఆగుతది, మళ్ల మొదటికొస్తది. ఇయ్యాల పరిశీలనకు రాలేదని నేను రాస్తె ఈమెకు కేసు లేదు, నీకు ఇబ్బంది లేదు. నువ్వు చూసింది రాసిస్తవా?"

కాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు.

నేను మరియమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు. కంప్యూటర్‌లో ఉన్న ఫోటోను చూస్తోంది.

నేను రాసివ్వలేదు. పెన్ను ముట్టుకోలేదు. ఆయన సువార్త పేరు ఎదురుగా గైర్హాజరు అని రాసుకున్నాడు. బయటికి వచ్చాక మరియమ్మ మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగి, నాకూ ఇచ్చింది. నాకు ఎవరి మీద కోపమో అప్పుడు బాగా తెలిసింది. అందులో ఆ సూపరింటెండెంట్ వాటా కొంచెమే.

నాకు ఉద్యోగం వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసు. నా సెక్షన్ ముందు రోజూ పదిమంది కాగితాలు పట్టుకుని నిలబడతారు. రేపు రమ్మని చెప్పమంటాడు మా పైఅధికారి. నేను చెప్పను. అందుకే ఇక్కడ కూడా నాకు నోరెక్కువ అని పేరు వచ్చింది. రావాల్సిన చోట రాని నోరు ఇక్కడ వచ్చి ఏం లాభమని ఒక్కోసారి అనుకుంటాను.

చేరిన ఏడాదికి ఆ ఇన్విజిలేటర్‌ను వెతుక్కుంటూ గద్వాల వెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఆ గది మాత్రం గుర్తుంది. ఎందుకని అడిగితే, రద్దయి రద్దయి మూడోసారి పెట్టిన పరీక్ష కాబట్టి ప్రతి గదిలో చాలామంది రాలేదని, తన గదిలో మాత్రం అందరూ వచ్చారని చెప్పింది. స్టాఫ్ రూములో దాని గురించి మాట్లాడుకున్నారట కూడా.

ఒక్క బెంచి ఖాళీగా ఉండాలి కదా మేడమ్ అన్నాను.

"లేదమ్మా. ఒక్క షీటు గూడ మిగల్లే. నేనే లెక్కపెట్టి కట్టలు కట్టిన," అంది.

ఆమె అబద్ధం చెప్పడం లేదు. నేనూ చెప్పడం లేదు. ఇద్దరం ఒకే గదిలో, పట్టపగలు, ఒకే బెంచిని చూశాం. ఇద్దరిలో ఎవరి కళ్ళు తప్పో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. నాకు తెలిసిన సైన్సంతా వాడి చూశాను. కుదరలేదు.

మొన్న మరియమ్మ నాగర్‌కర్నూల్‌కు వచ్చింది. ఆ షీటు కాగితం మీద తీసి ఇమ్మని అడిగింది. ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపులో తీయించి ఇచ్చాను. చదువు రాని ఆమె దాన్ని చాలాసేపు చూసింది. గోళాల మీద వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరిపింది.

"ఎన్ని తప్పు పోయినయ్?" అని అడిగింది.

తొమ్మిది అని చెప్పాను.

"తొమ్మిదేనా," అంది. ఆఖరి వరస మీద వేలు ఆపి, "పానం బాగుంటే అవి గూడ పోకుంటుండె," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగులో ముడి వేసుకుని, గద్వాల బస్సు ఎన్నింటికని అడిగింది.