నాయన దొర్లించిన బీరు

తొంభైలలో పుంగనూరు బస్టాండు పక్కన మా నాయనకు గోలీ సోడా అంగడి ఉండేది. సీసాలను మిషన్ చట్రంలో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. తిప్పితేనే నీళ్లలో గ్యాసు కలుస్తుందన్నది ఆయన వేదం. తర్వాత కొంచెం గ్లాసులో పోసి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ బుసబుస నచ్చితే "ఉండాది" అనేవాడు. అంటే గ్యాసు సరిపోయినట్టు. ఆయన రుచి చూడగా నేనెప్పుడూ చూడలేదు.

ప్లాస్టిక్ సీసాల కూల్‌డ్రింకులు వచ్చాక అంగడి మూతపడింది. మిషన్‌ను పాత ఇనుముకు వేసిన నాటి నుంచి, మదనపల్లెలో మా ఇంటి అరుగు మీద పేపరు చదవడమే ఆయన పని. చదివిన పేపరే మళ్లీ చదివేవాడు. ఆయన్ని అలా చూడటం నాకు ప్రాణసంకటంగా ఉండేది.

రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. నేను కుప్పంలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ, సెలవులకు ఇల్లు చేరేవాణ్ణి. ఇంట్లోనే బీరు చేసుకోవాలన్న పిచ్చి పట్టింది నాకు. నా పిచ్చిలో ఉన్న తెలివి ఒక్కటే, గ్యాసు పని నాయనకు అప్పగించడం. మొదట ముఖం తిప్పుకున్నాడు. పాత సామాన్ల అంగట్లో నేను కొన్న స్టీలు క్యాను చూశాక లేచాడు. కెగ్ అంటారు దాన్ని. ఒకప్పుడు అందులో కూల్‌డ్రింకు నింపి హోటళ్లకు పంపేవాళ్లు.

"నా అంగడి మూయించినోళ్ల క్యానా ఇది? ఇట్లా తే," అని స్పానర్ పట్టి వాషర్లన్నీ మార్చి, సబ్బు నురగ రాసి గాలి ఎక్కడ పోతోందో వెతికాడు.

బార్లీ నీళ్లు పులిసి బీరయ్యాక కెగ్‌లో పోశాను. హాప్స్ అనే చేదు పూల గుళికలను పల్చటి గుడ్డలో మూటగట్టి అందులో వేశాను. ఉడికించకుండా ఇలా నానబెడితే చేదు పెద్దగా పెరగదు, వాసన మాత్రం దిగుతుంది. మూట మునగడానికి నాయన దాచుకున్న సోడా గోలీలే నాలుగు మరగబెట్టి వేశాను. నాలుగో రోజు మూట తీసేసి కెగ్‌ను ఫ్రిజ్‌లో పెట్టాం. అమ్మ దోసెల పిండి, పెరుగు బయటికొచ్చాయి. మంచు కట్టేంత చలిలో రెండు రోజులు కదలకుండా ఉంటే ఈస్టు, పూల పొడి అడుక్కి దిగి బీరు తేటపడుతుంది. కదిలించొద్దని అమ్మకు చెప్పాను. నాయనకు సోడా గ్యాసు సిలిండర్ ఇచ్చి, గ్యాసు పట్టమని మాత్రమే చెప్పి కుప్పం వెళ్లిపోయాను.

ఆదివారం స్నేహితులను రమ్మన్నాను. ఆ పొద్దున ఇంటికొచ్చేసరికి నాయన కెగ్‌ను వరండాలో పడుకోబెట్టి, కాలితో ఇటూ అటూ దొర్లిస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. గ్లాసులో పట్టి చూస్తే వానకు కలకబారిన చెరువు నీళ్లే.

"యాల దొర్లించినావు నాయనా?"

"తిప్పకపోతే గ్యాసు యాడ కలుస్తాది?"

"ఇది నీ గోలీ సోడా కాదు!" అని అరిచాను.

నాయన స్పానర్ తుడిచి కిటికీలో పెట్టి, అరుగు మీద కూర్చుని పాత పేపరు తెరిచాడు. బీరు పోతే మళ్లీ చేసుకోవచ్చు. ఆయన ఇక ఆ స్పానర్ ముట్టకపోతే?

"నాకు సెప్పిన మాట ఆయప్పకూ సెప్పుంటే నీ సొమ్మేం పోయింది?" అంది అమ్మ.

పోయి నాయన పక్కన కూర్చున్నాను. "తప్పు నాదే నాయనా. గ్యాసు మాత్రం నీ సోడా మాదిరే ముక్కుకెక్కతాండాది." అబద్ధం కాదు.

పేపరు కొంచెం కిందికి దిగింది. "మళ్లా ఎన్ని దినాలు పెట్టాల?"

"రెండు."

ఆయనే కెగ్‌ను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాడు. నేను స్నేహితులకు రావద్దని ఫోన్ చేసి, కాలేజీకి సెలవు పెట్టాను. ఆ రెండు రోజులూ ఫ్రిజ్‌కు ఆయనే కాపలా. వంటింట్లో గట్టిగా నడవొద్దని అమ్మను కసిరాడు కూడా.

మంగళవారం మొదటి గ్లాసు మడ్డిగా వస్తే పారబోశాను. రెండోది తేటగా, బంగారు రంగులో వచ్చింది. నారింజ తొక్క గిల్లినట్టు వాసన. గ్లాసు నాయన చేతికిచ్చాను.

ఆయన తాగలేదు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఉండాది," అన్నాడు.