ఆడబిడ్డకు చేసిన వెదురు కుర్చీ

మొన్న పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకోవడానికి లారీలోంచి వెదురు బొంగులు దింపించుకుంటుంటే, వానకు తడిసిన ఆ బొంగుల వాసన మా వంటింటి దాకా వచ్చి, నన్ను నేరుగా ఆదోనిలో నేను కొత్తకోడలిగా అడుగుపెట్టిన ఇంటికి తీసుకుపోయింది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో మా పుట్టింటివాళ్లదీ వెదురు పనే కాబట్టి గంపలూ చేటలూ అల్లడం నాకు చిన్నప్పటినుంచే వచ్చు గానీ, బొంగు చీల్చడం మగవాళ్ల పనని ఆ కత్తి మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. ఆదోనిలో మా మామ కుర్చీలు, నిచ్చెనలు కూడా చేసేవాడు. నేను కాపురానికి వచ్చిన ఏడే ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

ఆ ఇంట్లో నా ఈడు ఆడబిడ్డ ఉండేది. పసితనంలో జ్వరమొచ్చి కాళ్లు చచ్చుబడిన ఆమెను రోజూ మామే ఎత్తుకొచ్చి వాకిట్లో కూర్చోబెట్టేవాడు. మా ఆయన తెల్లవారకముందే పత్తి మిల్లుకు పోయేవాడు, నాకేమో ఆమెను ఎత్తే బలం లేదు. మామ చెయ్యి పడిపోయాక ఆ పిల్ల చీకటి గదిలోనే ఉండిపోయింది. అది చూడలేక ఒకనాడు మామ ముందు కూర్చుని అడిగేశాను.

“కత్తి నాకియ్యి మామా. నువ్వు సెప్పు, నేను సీలుస్తా.”

ఆయన ఎడమచేత్తో కత్తి నా ముందుకు జరిపాడు.

కణుపు దగ్గర కత్తి ఎలా తిప్పాలో, బొంగును నిప్పు సెగన ఎలా వంచాలో ఆయన చెబుతుంటే, వేళ్లు తెగుతున్నా నేర్చుకున్నాను. వెనకనుంచి తోస్తే బండల మీద జారేట్టు, కాళ్ల కింద నున్నటి బొంగులు ముందునుంచి వెనక్కి కట్టి ఒక కుర్చీ చేశాను. తొందరలో పచ్చి వెదురే వాడాను. అది ఎండి సన్నబడి, బిగింపులు వదులై, ఒకరోజు గడప దగ్గర కుర్చీ విడిపోయింది. ఆడబిడ్డ ముందుకు పడి పెదవి చిట్లింది.

“ఇంక నన్ను కదిలియ్యొద్దు వదినా” అని గోడవైపు తిరిగి పడుకుంది.

“బొంగు బాగా ఆరనీమ్మా. మళ్లా సేద్దాం” అన్నాడు మామ.

ఎండాకాలమంతా బొంగులు ఆరబెట్టి, రెండోది చేశాను. ముందు నేనే కూర్చుని ఊగి చూపించాక గానీ ఆమె ఒప్పుకోలేదు. గడప దాటేటప్పుడు మామ కూడా ఎడమచెయ్యి వేశాడు. వాకిట్లోకి రాగానే ఆమె కళ్లు చికిలించుకుని వీధి వంక చూసింది.

“వదినా, ఎన్ని పత్తి బండ్లు పోతాండాయో సూడు!”

ఆ తర్వాత నేను చీల్చడం, ఆమె అల్లడం. ఆమె చేటల కోసం కోసిగి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నా మోకాళ్లు సహకరించక, కొడుకు కొనిచ్చిన మెత్తటి కుర్చీలోనే పొద్దు గడుపుతున్నాను. సుఖంగానే ఉంది, కాదనను. కానీ దాన్ని ఎవరు చేశారో నాకు తెలియదు. చేసినవాళ్లకు అందులో కూర్చునేది ఎవరో తెలియదు.