స్వర్ణలేఖ తిన్న చద్దన్నం

సినిమా తార స్వర్ణలేఖ బిలాస్‌పూర్‌లో రైలు దిగి, కాల్‌బాయ్ పోలయ్య క్వార్టర్‌కి నడిచొచ్చి, నులక మంచం మీద కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తిని వెళ్ళిందని రైల్వే కాలనీలో ఒక మాట ఉంది. రెండోసారి కూడా అడిగి పెట్టించుకుందని తార్‌బహార్ వాళ్ళంటారు. అడగడమేమిటి, కుండ దగ్గరికి లాక్కుందని లోకో కాలనీ వాళ్ళంటారు. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. "నేను చూళ్ళేదు గానీ మా పక్కింటావిడ చూసింది" అంటారు. ఆ పక్కింటావిడకీ ఒక పక్కిల్లు ఉంటుంది. అలా అడుగుతూ పోతే బిలాస్‌పూర్ అయిపోయి పక్క స్టేషన్ బిల్హా వస్తుంది తప్ప, కళ్ళారా చూసిన మనిషి రాడు.

అసలు పోలయ్య సంగతి తెలిస్తే ఈ మాట సంగతీ తెలుస్తుంది.

పోలయ్య పేరుకే బాయ్. తలమీద నలుపు వెతుక్కోవాలి. డ్రైవర్లకి డ్యూటీ పడినప్పుడు షెడ్ నుంచి పుస్తకం చంకన పెట్టుకుని, సైకిలేసుకుని వాళ్ళ ఇళ్ళకెళ్ళి, "బాబూ, ఫలానా బండి మీదే" అని చెప్పి సంతకం పెట్టించుకు రావడం అతని పని. దాన్నే కాల్ ఇవ్వడం అంటారు. వినడానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత నరకం. ముందు రోజంతా బండి నడిపొచ్చి, తిని, దుప్పటి కప్పుకున్న డ్రైవర్ని లేపడం కంటే కుంభకర్ణుణ్ణి లేపడం నయం. అతనికి కనీసం అబద్ధాలాడే భార్య లేదు. ఇక్కడ గుమ్మంలోనే ఇల్లాలు "ఆయన ఇంట్లో లేరు పోలయ్యా, రాజ్‌కిశోర్ నగర్ వెళ్ళారు" అంటుంది. లోపల్నుంచి గురక వస్తూంటుంది.

మిగతా కాల్‌బాయ్‌లు తలుపు బాదేవారు, అరిచేవారు, తిట్లు తినేవారు. పోలయ్య మాత్రం అరుగు మీద చతికిలబడి, చెమట తుడుచుకుని, నెమ్మదిగా అనేవాడు:

"పోన్లెండమ్మా. బాబు ఉంటే ఒక్క మాట సెబుదునే. స్వర్ణలేఖకి పెళ్ళయిపోనాదంట."

గురక ఠక్కున ఆగేది.

"ఎవరితోరా?"

"బాబు ఇంట్లోనే ఉన్నారేటి! సంతకం పెట్టండి, సెప్తాను."

బిలాస్‌పూర్ షెడ్‌లో బండ్లు బొగ్గుతో నడిచాయో, డీజిలుతో నడిచాయో గానీ, సగం నడిచింది మాత్రం పోలయ్య కబుర్లతోనే. హీరోలకి విగ్గులు పెట్టించాడు, తీయించాడు. ఒక విలన్‌ని సన్యాసుల్లో కలిపి, ఆదివారానికి సంసారంలోకి తెచ్చేశాడు.

ఈ కబుర్లన్నీ ఎక్కడివంటే, వాల్తేరు నుంచి వచ్చే చుట్టాలు రైల్లో చదివి పారేసిన సినిమా వారపత్రికల్లోవి. పోలయ్య చదువు పార్వతీపురం బళ్ళో రెండో తరగతి దగ్గర ఆగిపోయింది. వొత్తు కనపడితే అతనికి ఒళ్ళు చెమర్చేది. పోనీ పిల్లల చేత చదివిద్దామా అంటే వాళ్ళకి హిందీ తప్ప తెలుగక్షరం రాదు. అందుకని బొమ్మలు చూసేవాడు. బొమ్మ చూసి కథ అల్లేవాడు. ఒకసారి ఒక హీరో పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంటే, ఆస్తి కోసం ముసలమ్మని చేసుకున్నాడని కాలనీ అంతా చాటాడు. ఆవిడ అతని కన్నతల్లి. ఆ సంగతి కింద అచ్చులో ఉంది. చదివేవాడెవడు?

"ఆళ్ళ ఉసురు తగుల్తాది నీకు" అనేది భార్య కనకం. "ఎక్కడో ఉన్నోళ్ళ గురించి ఎందుకయ్యా నీకా అబద్దాలు?"

"అబద్దం కాదే, డ్యూటీ" అనేవాడు.

పోలయ్యకి లోకంలో ఒకే ఒక్క కోరిక. ఎప్పటికైనా ఆ పత్రికలో తన బొమ్మ కూడా పడాలి. తారల పక్కన అక్కర్లేదు. తలనూనె ప్రకటన పక్కన పడినా చాలు.

అతని కబుర్లకి అందరికంటే గట్టి శత్రువు గూడ్సు డ్రైవర్ తిరుమలరావు. శత్రువంటే వినడని కాదు. విని, ఒక్కొక్క మాటా పట్టుకుని దెబ్బలాడతాడు. స్వర్ణలేఖ అంటే అతనికి దేవత. డ్యూటీకి తీసుకెళ్ళే రేకు పెట్టె మూత లోపల ఆమె బొమ్మ అంటించుకున్నాడు. "నోటికొచ్చినట్టు వాగకు పోలయ్యా. ఆవిడ అలాటిది కాదు" అని గుమ్మంలో నిలబడి గంటసేపు వాదించి, సంతకం పెట్టి, డ్యూటీకి వెళ్ళేవాడు.

అలాంటి తిరుమలరావు ఉన్నట్టుండి తలుపేసుకున్నాడు. అతను నడిపే బండి ముందు ఒక ముసలాయన పట్టాలు దాటబోయాడు. గూడ్సు బండి ఎక్కడ అనుకుంటే అక్కడ ఆగేది కాదు. డ్రైవరు తప్పేమీ లేదని ఆఫీసువాళ్ళు తేల్చారు. తిరుమలరావు మాత్రం తేల్చుకోలేకపోయాడు. సిక్ లీవు పెట్టాడు. డాక్టరు ఫిట్ అని రాసినా ఇంట్లోంచి కదల్లేదు. గడ్డం పెరిగింది. భార్య అనంతలక్ష్మితో కూడా మాటల్లేవు. కాల్ ఇస్తే తలుపు తీయడు.

షెడ్ ఫోర్‌మాన్ గోవిందరావు ఒక మధ్యాహ్నం పోలయ్యని పక్కకి పిలిచాడు.

"ఇదే ఆఖరి కాల్. ఇది కూడా తీసుకోపోతే నేను పైకి రాయాల్సిందే. రాసేనంటే ఉద్యోగమూ పోతాది, క్వార్టరూ పోతాది. నా సేతుల్లో ఉండదు. నువ్వేం సేస్తావో నాకు తెల్దు, సంతకం తెచ్చీ."

పోలయ్య సైకిలెక్కాడు. ఎదురుగాలి లేకపోయినా ఆ వేళ పెడలు బరువుగా తిరిగింది.

అనంతలక్ష్మి గుమ్మంలోనే ఉంది. ఇంట్లో లేరని అబద్ధమాడే ఓపిక కూడా ఆమెకి లేదు. "చెప్పి చూడు పోలయ్యా" అని పక్కకి జరిగింది. గది తలుపు లోపల గడియ వేసి ఉంది.

పోలయ్య అరుగు మీద కూర్చున్నాడు. స్వర్ణలేఖకి పెళ్ళి చేశాడు. లోపల చప్పుడు లేదు. విడాకులిప్పించాడు. లేదు. విలన్‌కిచ్చి మళ్ళీ చేశాడు. కవలలు పుట్టించాడు. అయినా లేదు. జీవితంలో మొదటిసారి పోలయ్య దగ్గర కబుర్లు నిండుకున్నాయి. ఆ మూసిన తలుపు వంకే చూస్తూ, ఏమంటున్నాడో తనకే తెలీకుండా అనేశాడు:

"నిన్న పొద్దున్న మా ఇంటికొచ్చినాది బాబూ."

 గది లోపల మంచం కిర్రుమంది.

"ఎవరు?"

అనంతలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు విని ఆమెకి ఎన్నాళ్ళయిందో!

"ఇంకెవరు బాబూ, స్వర్ణలేఖ! మెయిల్ గంటసేపు ఇక్కడాగిపోనాది కదా. ఆకలేసి దిగినాది. మా ఇంటికొచ్చి చద్దన్నం తిన్నాది. మా కనకం ఉల్లిపాయ కోసిచ్చినాది."

"ఏ మెయిలు?"

"బొంబాయి మెయిలు."

దడాలున గడియ తీసిన చప్పుడు. గడ్డంతో, లుంగీతో, ఎర్రబడ్డ కళ్ళతో తిరుమలరావు గుమ్మంలోకొచ్చాడు.

"నిన్న మెయిలు ఎక్కడాగిందిరా? టైముకొచ్చి టైముకెళ్ళింది! మంచం మీద పడుకుని కూత విన్నాను. నాకు చెప్తావేటి? ప్రతి బండీ వింటున్నాను నేను!"

"మీరు కునుకు తీసుంటారు బాబూ."

"నాకు కునుకు ఎక్కడిది?" అని అరిచాడు తిరుమలరావు. "అయినా చద్దన్నమేటి? ఆవిడేటి, నీ ఇంటికొచ్చి చద్దన్నం తినడమేటి? సిగ్గులేదా నీకు?"

"అయితే పదండి. షెడ్‌కెళ్ళి అడుగుదాం. మెయిలు ఆగనేదని ఒక్కడు సెప్తే నా సెవి కోసి మీ సేతిలో పెడతాను."

"పద!"

లుంగీ మీదే బయల్దేరాడు. అనంతలక్ష్మి చొక్కా పట్టుకుని వెనకాల పరిగెత్తి అందించింది. కాలనీ జనం అరుగుల మీదకొచ్చి నోళ్ళు తెరిచారు. ముందు పోలయ్య ఎగశ్వాసతో తొక్కుతున్నాడు, వెనక క్యారియర్ మీద తిరుమలరావు గుండీలు పెట్టుకుంటూ తిడుతున్నాడు.

షెడ్‌లో అడుగు పెడుతూనే తిరుమలరావు, "గోవిందరావు గారూ, నిన్న మెయిలు ఇక్కడాగిందా?" అన్నాడు.

గోవిందరావు చూశాడు. తిరుమలరావు వెనక పోలయ్య రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. గోవిందరావు పాతికేళ్ళుగా షెడ్ నడుపుతున్నాడు. ఆమాత్రం సిగ్నల్ అతనికి తెలీదా?

"ఆగినాది కదండీ. గంట కాదు, గంటన్నర."

"నేనే చెంబుతో మంచినీళ్ళిచ్చినాను" అన్నాడు ఖలాసీ పైడిరాజు.

"ఆవిడ దువ్వెన పడిపోతే నేనే తీసిచ్చినాను" అన్నాడు ఇంకో డ్రైవరు సూర్యం. "బంగారంది."

"అందరూ దొంగలే!" తిరుమలరావుకి ఊపిరాడలేదు. "కూత లేకుండా ఆగిందా? ఎక్కడాగింది?"

"ఊరి బయట, ఔటర్ సిగ్నల్ దగ్గర" అన్నాడు సూర్యం. "మీ ఇంటికి ఇనపడదు."

"ఔటర్‌లోనా! అక్కడ నిన్నట్నుంచీ బొగ్గు వ్యాగన్లున్నాయి కదరా! చప్పుడు వినలేదా నేను? రా, పైకి రా, చూపిస్తాను."

పక్కనే యార్డ్ పనికి పెట్టిన ఇంజన్ ఉంది. తిరుమలరావు లుంగీ ఎగగట్టి, రెండంగల్లో పైకెక్కాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "అదిగో! చూడండి! ఉన్నాయా వ్యాగన్లు!" అన్నాడు.

ఉన్నాయి. అక్షరాలా అతను చెప్పినచోటే.

అప్పుడతనికి తానెక్కడ నిలబడ్డాడో తెలిసింది. చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముందున్న పట్టాల వంక చూశాడు. ముఖంలో నెత్తురు దిగిపోయింది.  సూర్యం మెల్లగా పైకెక్కి, అతని పక్కన కూర్చుని, బీడీ వెలిగించుకున్నాడు. 

చాలాసేపటికి తిరుమలరావు అన్నాడు, "చేతులొణుకుతున్నాయిరా సూర్యం."

"నా సేతులున్నాయి కదా" అన్నాడు సూర్యం. "నడిచినంత నెమ్మదిగా పోదాం."

కింద నుంచి గోవిందరావు, ఏమీ జరగనట్టు, "ఎక్కినారు కదండీ, ఆ వ్యాగన్లు కాస్త ఇటు లాగీండి" అని కేకేశాడు.

తిరుమలరావు ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కూత వేశాడు. మామూలుగా కాదు, అవసరానికి మించి పొడుగ్గా. ఆ కూత విని అనంతలక్ష్మి వీధిలో కూలబడి ఏడ్చిందని కొందరు, కాదు, వెళ్ళి పప్పు నానబోసిందని కొందరూ అంటారు. రెండూ చేసి ఉంటుంది. ఇంజన్ నత్తలా కదిలింది. పక్కనే పోలయ్య పుస్తకం ఎత్తి పట్టుకుని, "బాబూ, సంతకం! బాబూ, సంతకం!" అంటూ పరిగెత్తాడు.

ఆ తర్వాత నెల్లాళ్ళపాటు తిరుమలరావు యార్డ్ పని చేస్తూ, కనపడ్డవాణ్ణల్లా ఆపి, స్వర్ణలేఖ రాలేదని రుజువు చేశాడు. అంతకుముందు ఆ మాట నమ్మనివాళ్ళు కూడా అప్పుడు నమ్మేశారు. "అంత గట్టిగా లేదంటన్నాడంటే, ఏదో ఉండే ఉంటాది" అన్నారు. షెడ్‌వాళ్ళు ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి పెళ్ళాలకి కూడా అదే చెప్పారు. పెళ్ళాలు ఊరికి చెప్పారు. అలా చద్దన్నం కుండ పొయ్యి లేకుండానే పొంగింది.

ఏళ్ళు గడిచాయి. షెడ్‌లోంచి బొగ్గు ఇంజన్లు పోయాయి. తిరుమలరావు యార్డ్ వదిలి మళ్ళీ లైన్ ఎక్కాడు. ఎంత బాగా నడిపాడంటే, వచ్చే నెల నుంచి మెయిలే అతని చేతికిస్తున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే విశాఖపట్నం నుంచి ఒక పత్రికాయన మెడలో కెమెరాతో దిగాడు. తారల గురించి జనానికి తెలియని సంగతులు రాస్తాడట. స్వర్ణలేఖనే అడిగాడట. ఆమె అవుననలేదు, కాదనలేదు, నవ్విందట.

పోలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తలకి ఎంత నూనె రాశాడంటే, నుదుటి మీద దీపం వెలిగించొచ్చు. క్వార్టర్ ముందు జనం మూగారు. పత్రికాయన నులక మంచం మీద కూర్చుని, కలం తీశాడు.

"పెద్దాయనా, ఆవిడ వచ్చిందంటే మీ ఫొటో వేసి రాస్తాను. రాలేదంటే, ఈ మాట ఎలా పుట్టిందో చెప్పండి. అదీ రాస్తాను. ఫొటో ఎలాగూ వేస్తాను."

పోలయ్య ఆలోచించాడు. వచ్చిందంటే, ఎక్కడో ఉన్న ఆమె నెత్తిన అబద్ధం అచ్చులో పడుతుంది. అచ్చులో పడ్డ అబద్ధాన్ని సంతకం పెట్టించుకుని వెనక్కి తీసుకోలేం. రాలేదని, పుట్టిన కథ చెబితే? గడియ వేసుకున్న గది, వణికిన చేతులు, అన్నీ చెప్పాలి. అవి అచ్చులో చూశాక, తిరుమలరావు చేతికి మెయిలు ఎవరిస్తారు?

జనంలోంచి తిరుమలరావు ముందుకొచ్చాడు. తెల్లటి చొక్కా, నున్నటి గడ్డం. "చెప్పీ పోలయ్యా" అన్నాడు మెల్లగా. "నాకేటి సిగ్గు లేదు. నీ బొమ్మ పడాలి కదా."

పత్రికాయన చటుక్కున తిరిగాడు. "ఏమిటండీ చెప్పడం? మీకేం తెలుసు?"

కెమెరా వంక పోలయ్య ఒక్కసారి చూశాడు. పెళ్ళికూతురి వంక చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, ఇస్త్రీ చొక్కా జేబులోంచి బీడీ తీసి, గుమ్మానికి జేరబడ్డాడు.

"ఏటీ నేదు బాబూ. ఎవుడో గిట్టనోడు పుట్టించినాడు. ఈ బాబుకి జొరమొచ్చినాది, తగ్గినాది, నాను కాల్ ఇచ్చినాను, సంతకం పెట్టినారు. బస్. మా ఇంట్లో చద్దన్నం మాకే సాలదు. ఇంతకీ ఎవరండీ ఆ స్వర్ణలేఖ? నాను సినిమాలే సూడను."