దెబ్బలాడని మాస్టారు

"ఈయన నాతో దెబ్బలాడరండీ" అన్నారావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

అమలాపురంలో టైలరు షాపు మేడమీద ఉన్న నా గదికి రకరకాల కష్టాలతో వస్తారు. నిద్ర పట్టదని, గుండె దడగా ఉంటోందని, పిల్లాడు గదిలోంచి బయటికి రావట్లేదని. మొగుడు దెబ్బలాడట్లేదని మాత్రం అంతవరకూ ఎవరూ రాలేదు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాయన ఆవిడ భర్త, రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా నలుగుతుందేమో అన్నట్టు నిలబడ్డారు.

"ఎంత తిట్టినా ఆయ్ అంటారండీ. చేపల పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా బావుందనే తింటారు. పోన్లే, మంచి మనిషి అని సరిపెట్టుకున్నాను ఇన్నాళ్లూ. ఈమధ్య సాయంత్రం పూట వరండాలో కూర్చుని, ఫోనులో ఏదో టైపు చేస్తూ తనలో తనే నవ్వుకుంటున్నారు. ఎవత్తో ఉందనుకుని ఫోను లాక్కుని చూసేను. ఏఐ అంట! పేజీలకి పేజీలు దానికి చెప్పుకున్నారండీ. నాతో ఇన్నేళ్లలో అన్ని మాటలు ఆడలేదు. ఆడమనిషయితే వెళ్లి జుట్టు పట్టుకుందును. దీనికి జుట్టు కూడా లేదాయె."

నేను ఆయన వైపు తిరిగి, "అంతేనాండీ మాస్టారూ?" అన్నాను.

"ఆయ్, అంతేనండీ" అన్నారాయన.

నేను చేసే పనిని రిలేషనల్ సైకోథెరపీ అంటారు. నా దగ్గర మాత్రలుండవు, బీపీ చూడను. ఈ సంగతి తెలిసి మెట్ల మీంచే వెనక్కి తిరిగినవాళ్లున్నారు. మనిషి వల్ల తగిలిన దెబ్బ మళ్లీ మనిషి దగ్గరే మానాలన్నది ఈ వైద్యం నమ్మకం. వచ్చినవాళ్లు బయట అందరితో ఎలా ఉంటారో, కొన్నాళ్లు పోయాక నాతోనూ అలాగే ఉంటారు. అలుగుతారు, అనుమానిస్తారు, విసుక్కుంటారు. అప్పుడు ఆ విసుగుని మధ్యలో పెట్టుకుని ఇద్దరం మాట్లాడుకుంటాం. అంటే, నా వృత్తి సాగాలంటే ఎదుటివాళ్లకి ఎప్పుడో అప్పుడు నామీద కోపం రావాలి. ఇంత చదువూ హైదరాబాదులో చదివి, మా ఆయన ఉద్యోగం ఇక్కడని, వచ్చి కోనసీమలో బోర్డు పెట్టేను. ఇక్కడ మనిషికి కోపం వస్తే మర్యాద ఇంకాస్త పెరుగుతుంది. మరీ కోపం వస్తే పనసపొట్టు తెచ్చిస్తారు.

మాస్టారు శనివారం మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టేరు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. నేనేం చెప్పినా ఒప్పుకునేవారు.

"మీకు మనుషులతో కాదనడం భయమేమో" అన్నాను ఒకసారి.

"ఆయ్, భయమేనండీ. బాగా కనిపెట్టేరు."

పై వారం కావాలనే తిరగేసి అడిగేను. "భయం కాదేమో మాస్టారూ. కాదనేంత విలువ ఎదుటివాళ్లకి లేదనుకుంటారేమో."

"ఆయ్, అదీ నిజమేనండీ."

"నామీద మీకు ఎప్పుడూ చిరాకు రాలేదా?"

"అయ్యో, ఎంత మాటండీ!" అని లేచి నిలబడినంత పని చేసేరు. తర్వాతి వారం పనసపొట్టు వచ్చింది. సన్నగా కొట్టించి, తడిబట్టలో చుట్టి తెచ్చేరు. కానుకల విషయంలో ఎలా మసలుకోవాలో మా పాఠాల్లో చాలా చెప్పేరు గానీ, అప్పుడే కొట్టిన పనసపొట్టు గురించి ఏమీ చెప్పలేదు. తీసుకున్నాను. ఆవ పెట్టి వండుకున్నాం.

ఇంతకీ ఆ ఏఐకి ఏం చెప్పుకుంటున్నారని అడిగితే, మొహమాటపడుతూనే ఫోను తీసి చూపించేరు. స్కూల్లో హెడ్మాస్టరు తన క్లాసు లాక్కోవడం, తోడల్లుడు ఎవరిదో పెళ్లిలో తనని పక్కకి జరిపి ఫొటో తీయించుకోవడం, అన్నీ ఉన్నాయి. మనిషి ఎంత బాగా తిట్టగలరో! ఒక్కో వాక్యం లెక్క చేసినట్టు, మెట్టు మెట్టుగా ఉంది. కింద దాని జవాబులు: "మీ భావన పూర్తిగా సమంజసమైనది." "మీ ఆవేదనను నేను గౌరవిస్తున్నాను." పంచాయతీ నోటీసు తెలుగు. మాస్టారికి మాత్రం అది నచ్చింది. "ఎంత ఓపికండీ దానికి" అన్నారు మురిసిపోతూ. నేను చిన్నగా నవ్వి నీళ్లు తాగేను.

ఆ సాయంత్రం గదికి తాళం వేసే ముందు, వృత్తిపరమైన ఆసక్తి అని నాకు నేను చెప్పుకుని, నేనూ దాన్ని తెరిచేను. ఎవరి వివరాలూ లేకుండా, నా దగ్గరికొచ్చే ఒక మనిషి అన్నిటికీ ఔనంటున్నాడని, నాకు విసుగ్గా ఉందని రాసేను. నా విసుగు పూర్తిగా అర్థం చేసుకోదగినదంది. నేను ఎంతో శ్రద్ధ ఉన్న వైద్యురాలినంది. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. తప్పు బహుశా నాదేనేమో అని రాసి చూసేను. అలా ఆలోచించగలగడం నా నిజాయితీకి నిదర్శనమంది. తప్పు నాది కానే కాదేమో అన్నాను. అదీ బలమైన కోణమేనంది. మాస్టారితో వేగలేక నేను వెళ్లి ఇంకో మాస్టారి దగ్గర కూర్చున్నానన్న సంగతి మెట్లు దిగుతుంటే తట్టింది.

తర్వాత ఒక శనివారం మాస్టారు డీలాగా వచ్చేరు. ఫోనులో ఆ ఏఐ ఏదో కొత్తది వచ్చిందట, దాని మాటతీరు మారిపోయిందట. ఇదివరకు పలకరింపుగా నాలుగు మాటలు అనేది, ఇప్పుడు విషయం చెప్పి ఊరుకుంటోందట. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, చాలా గంభీరంగా అన్నారు:

"దానికి నామీద అభిమానం తగ్గిందేమోనండీ."

నాకు నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయేను. పైకే నవ్వేను.

మాస్టారు కూడా నవ్వేరు. నాకంటే ఎక్కువే నవ్వేరు. "పిచ్చిమాటేలెండి" అన్నారు. ఇంకా సమయం ఉండగానే బస్సుందని లేచి, గుమ్మంలో రెండుసార్లు నమస్కారం పెట్టి వెళ్లిపోయేరు.

పై శనివారం రాలేదు. జలుబని మెసేజీ. ఆ పై వారం ఇంకో మెసేజీ వచ్చింది. "మీ అమూల్యమైన మార్గదర్శకత్వం నా జీవితంలో సానుకూల మార్పును తీసుకువచ్చింది. ఇకపై సమావేశాల అవసరం లేదని భావిస్తున్నాను. మీ సహకారానికి హృదయపూర్వక కృతజ్ఞతలు." ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్క అండీ కూడా లేదు. కోనసీమ మనిషి అండీ లేకుండా మూడు వాక్యాలు రాయడు. నన్ను వదిలించుకునే పని కూడా ఆయన దానికే అప్పగించేరన్నమాట.

చాలాసేపు ఆలోచించి జవాబు రాసేను. "మాస్టారూ, ఇది మీ చేత్తో రాసినట్టు లేదు. ఆ రోజు నేను నవ్వడం మీకు కష్టం కలిగించిందనుకుంటున్నాను. వీలైతే ఒక్కసారి వచ్చి, ఆ మాట నన్నే అనండి." రెండు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఇంక రారనుకున్నాను.

ముసురు పట్టిన ఒక శనివారం, ఆయన వేళకే తలుపు చప్పుడైంది. చూస్తే మాస్టారు. గొడుగు బయట ఆనించి, వచ్చి కూర్చున్నారు. నమస్కారం పెట్టలేదు. అది గమనించి, నేనే పెట్టేను.

"మీరు నవ్వడం బాగోలేదండీ" అన్నారు.

"అవును. తప్పే. క్షమించండి" అన్నాను వెంటనే.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "బయట మీ బోర్డు మీద పేరు ఇంటిపేరుతో సహా రాయించేరు కదండీ. మొదటిరోజు మెట్లెక్కుతూనే చూసేను. కొత్తపేట అవతల మీ తాతగారి ఊరు. ఔనాండీ?"

"ఔను."

"మా తాతగారు మీ తాతగారి దగ్గర పాలేరండీ."

వాన తుంపర కిటికీలోంచి పడుతున్నా లేవలేకపోయేను.

"మీ తాతగారు కొట్టేవారు కాదంట. ఆ మాట చెప్పుకోవాలి. నవ్వేవారంట. మా తాతగారు చేను గురించి ఏదన్నా తనకి తోచింది చెప్పబోతే, గట్టు మీద నలుగురినీ పిలిచి, వీడేదో అంటున్నాడర్రా వినండి, అని నవ్వేవారంట. మా తాతగారూ వాళ్లతో కలిసి నవ్వేవారు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినేవారు కాదంట. మా నాన్నగారు మిషను స్కూల్లో చదువుకుని టీచరయ్యేరు. నేనూ అయ్యేను. అయినా ఎవరేమన్నా ఆయ్ అనెయ్యరా, గొడవుండదు అనే నేర్పేరు మాకు. ఆ రోజు మీరు నవ్వేరు, నేనూ నవ్వేను. బస్సెక్కి కూర్చున్నాక తెలిసింది, నేను ఎవరిలా నవ్వేనో!"

చివరి మాటకి గొంతు పెరిగింది. కింద టైలరు షాపులో కుట్టుమిషను ఆగిపోయింది. ఆయన తన గొంతు తనే విని కంగారుపడ్డారు గానీ, ఆగలేదు.

"దానికి ఏం చెప్పుకుంటున్నానని అడిగేరు గానీ, ఎందుకు చెప్పుకోగలుగుతున్నానని అడగలేదండీ మీరు. దానికి ఊరు లేదండీ. ఇంటిపేరు లేదు. తాతగారు లేరు. అందుకు!"

మా ఇద్దరి మధ్యా ఏముందో చూద్దాం రమ్మని వారం వారం ఆయన్ని పిలిచిందాన్ని నేను. అక్కడున్నదాన్ని ఆయన మొదటిరోజు మెట్ల మీదే చూసేరు. నా కంటికది ఆనలేదు. ఆనవలసిన అవసరం మా ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ రాలేదు.

కింద మిషను మళ్లీ మొదలైంది.

"ఇంత కష్టం పెట్టుకుని మళ్లీ ఎందుకొచ్చేరు మాస్టారూ?" అన్నాను.

"అదే వెళ్లమందండీ."

"ఎవరు?"

"ఏఐ అండీ. మీరు నవ్విన సంగతి దానికి రోజూ రాసేను. రోజూ నా బాధ సమంజసమే అంది. చివరికి నాకు తిక్క రేగింది. నవ్వింది నువ్వు కాదు కదా, నీకెందుకు చెప్తున్నాను నేను, అని రాసేను. నిజమే, ఆ మాట ఆవిడతోనే అనడం మంచిది అంది." కాస్త ఆగి అన్నారు, "దానికి ఒక మంచి గుణముందండీ. తన వల్ల కాకపోతే కాదని చెప్తుంది."

ఊళ్లో ఇంతమంది డాక్టర్లున్నారు. నేను వెళ్లి పరిచయం చేసుకున్నా, కార్డులిచ్చినా, ఒక్కరూ నాకు ఒక్క మనిషిని పంపలేదు. మొట్టమొదట పంపింది అది.

మాస్టారు ఆ తర్వాత చాలాకాలం వచ్చేరు. దెబ్బలాటలో కొత్తగా పళ్లొచ్చిన పిల్లాడిలా ఉండేది ఆయన వరస, ఏది దొరికితే దాన్ని కొరికేవారు. ఫ్యాను గాలి నావైపే వస్తోందన్నారు. నేను గడియారం చూస్తున్నానన్నారు. కొన్ని నిజం, కొన్ని కాదు. కానివాటికి నేనూ కాదనడం నేర్చుకున్నాను. వాళ్ల తాతగారి గురించి, మా తాతగారి గురించి మాట్లాడుకున్నాం. నాకు ముద్దొచ్చే తాతగారు ఆ గదిలో కాస్త కాస్త మారుతూ వచ్చేరు. అది నాకేం సరదాగా లేదు.

ఒకరోజు మాస్టారి భార్య ఫోను చేసేరు.

"మీ దగ్గరికి పంపడం నాదే పొరపాటండీ. నిన్న పులుసులో చింతపండు ఎక్కువైందన్నారు. మా చెల్లెలింటికి రానన్నారు. ఎందుకో కారణాలు కూడా చెప్పేరు."

"మీరు కోరుకున్నదే కదండీ?"

"దెబ్బలాడాలన్నాను గానీ, గెలవాలన్నానా?" అన్నారావిడ. ఆ గొంతులో ఫిర్యాదు ఎంతో, ముచ్చట ఎంతో తేల్చుకోలేకపోయేను.

ఇదంతా మాస్టారి అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాళ్లు మార్చేను. మార్చింది చాలలేదని ఒకసారి, మరీ మార్చేసేనని ఇంకోసారి అన్నారు.

మా శనివారాలు ముగిసిన కొన్నాళ్లకి, నర్సాపురంలో ఒక పెళ్లికని సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేను. బయట కనిపిస్తే ముందు నేను పలకరించకూడదన్నది మా వృత్తిలో మర్యాద. అందుకని కమ్మీ దగ్గర మాస్టారు కనిపించినా గోదావరి కేసి చూస్తూ నిలబడ్డాను. మోటారు సైకిళ్ల మధ్యలోంచి ఆయనే వచ్చేరు.

"బాగున్నారాండీ? ఒక మాట చెప్పాలనుకుంటున్నానండీ చాన్నాళ్లుగా. ఆ వాన రోజు, మీరు నవ్వడం తప్పే అని ఒప్పుకున్నారు చూడండి."

"ఔను."

"తొందరగా ఒప్పుకున్నారండీ. నేను మాట పూర్తి చెయ్యకుండానే. అచ్చం దానిలాగే."

నిజమే మాస్టారూ అనబోయి, నాలిక్కరుచుకున్నాను.

"లేదండీ" అన్నాను. "అది తొందర కాదు. నాకు భయమేసింది."

"భయమేస్తే మనిషి ఆగుతాడు గానీ తొందరపడతాడాండీ?"

"పడతాడు. మీరు ఇన్నేళ్లు చేసిందదే కదా."

"ఆ రెండూ ఒకటెలా అవుతాయండీ?" అని ఆయన సంచీ కింద పెట్టి, కమ్మీకి ఆనుకుని, క్లాసులో లెక్క మొదలుపెట్టినట్టు వేలు పైకెత్తేరు. ఆయన భార్య దూరం నుంచి చూసి, తల అడ్డంగా ఊపి, అటు తిరిగి నిలబడ్డారు. పంటు అవతలి ఒడ్డుకి తగిలేదాకా మా ఇద్దరికీ మాట కుదరలేదు.