మా బావి నీళ్ల రుచి

పోయిన నెలలో మా చిన్నకోడలి చుట్టాలు కొల్లూరులో సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇంట్లో పాలు పొంగించుకుంటున్నారంటే వెళ్లి, భోజనం చేసి తిరిగి వస్తుంటే, కాలనీ గేటు దగ్గర ఒకావిడ గోనెసంచి పరిచి పాలకూర కట్టలు అమ్ముతోంది. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, ఇవి ఏ నీళ్లకు పండినయమ్మా అని అడిగాను. ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసి, "నీళ్లేందమ్మా, నీళ్లు నీళ్లే. తీస్కుంటే తీస్కో, లేకుంటే జెర జరుగు, ఎనక గిరాకి ఉన్నది" అంది. ఆటో ఎక్కాక కోడలు, ఎక్కడికి పోయినా మీది ఇదే ప్రశ్న అత్తమ్మా అని ఒకటే నవ్వు. నవ్వనీ. దాని వయసులో నాకూ నవ్వే వచ్చేది. పటాన్‌చెరు చుట్టుపక్కల కాపురాలు చేసిన నా ఈడు వాళ్లు మాత్రం నవ్వరని తెలుసు, అందుకే ఇది వాళ్లతో చెప్పుకుంటున్నాను.

నేను పాశమైలారం పక్క ఊరికి కోడలిగా వచ్చేనాటికే మా వాళ్ల మెరక చేనంతా కంపెనీల కింద పోయింది. మామ ఆ చేను ఉన్నచోట లేచిన ఫ్యాక్టరీకే గేటు కావలికి కుదిరాడు. ఖాకీ చొక్కా వేసుకుని తన చేనుకు తానే కాపలా కాస్తున్నాడని ఎవరైనా అంటే, మాట మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడు. మా ఆయనకు కూడా అక్కడే పని. ఇక మిగిలింది బావి ఉన్న చిన్న ముక్క ఒక్కటే. ఇద్దరు మగవాళ్లూ అది కూడా అమ్మేసి బీరంగూడలో ప్లాటు కొందామని పట్టుపడితే, మా అత్తమ్మ అడ్డం తిరిగింది.

ఆమె ఆకుకూరలు మొదలుపెట్టింది ఇల్లు గడవక కాదు. ఇద్దరి జీతాలూ వస్తున్నాయి, తిండికి లోటు లేదు. "కంపెనీ ఇయ్యాల రమ్మంటది, రేపు వద్దంటది. మడి గట్ల అనది బిడ్డా" అనేది నాతో. పొద్దున్నే లేచి వెళ్లడానికి తనదంటూ ఒక చోటు ఉండాలి, అమ్మిన కూరను నలుగురూ బాగుందనాలి, అంతే ఆమె కోరిక. ఆ మాట మగవాళ్లతో అంటే నవ్వుతారని, వాళ్లతో ఇంకోరకంగా బేరం కుదుర్చుకుంది. బావి నీళ్లు మంచిగున్నన్ని రోజులు ఆ భూమి ఊసు ఎత్తొద్దు, నీళ్లు చెడిన రోజు వాళ్ల ఇష్టం. అప్పటికే కంపెనీలు వదిలే నీళ్లకు వాగు కింది బావులు ఒక్కొక్కటిగా ఎర్రబడుతున్నాయి కాబట్టి, ఎన్నాళ్లు నిలుస్తుందిలే అనుకుని మామ సరేనన్నాడు.

ఆమె వ్యాపారం చేసే తీరు ఇప్పుడు తలుచుకుంటే అబ్బురంగా ఉంటుంది. బడికి పోయిన మనిషి కాదు, అయినా అంతా ఒక్కచోటే పెట్టేది కాదు. ఒక మడిలో మెంతికూర చల్లితే, పక్క మడిలో కొత్తిమీర చల్లడానికి మళ్లీ వారం ఆగేది, ఒక వానకు కొట్టుకుపోయినా ఒక మడే పోవాలని. విత్తనం సగం ఇంటిది, సగం సంగారెడ్డి దుకాణంలోది. ఒక క్యాంటీన్ కాంట్రాక్టరు వచ్చి పండినదంతా తనకే పోయమని ఆశపెడితే, చాయ్ పోసి మర్యాదగా పంపించేసింది. కొంత షిఫ్టు దిగే వేళ కంపెనీ గేటు దగ్గర, కొంత సంతలో, కొంత ఫ్యాక్టరీ క్వార్టర్లలో అమ్మేవాళ్లం. క్వార్టర్లలో కోస్తా నుంచి వచ్చిన అమ్మలు ఎక్కువ. మన పుంటికూరను వాళ్లు గోంగూర అంటారని, అత్తమ్మ గేటు దగ్గర ఒక పేరు, క్వార్టర్లలో ఒక పేరు పెట్టి అరిచేది. ఏ మడి అయినా మొదటి కోత మా పొయ్యి మీదికే వచ్చేది, మేం తిన్నాకే గంపకెత్తేది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. మోటరు వేయగానే పైపు మూతి దగ్గర దోసిలి పట్టి ఒక గుక్క తాగేది, కళ్లు మూసుకుని నోట్లో తిప్పి మింగేది, తర్వాత నన్ను తాగమనేది. ఇద్దరం మంచిగున్నయి అనుకున్నాకే కాలువకు అడ్డం పెట్టిన మట్టి తీసేది. ఇంట్లో తాగేదీ ఆ నీళ్లే, గొడ్లు తాగేదీ అవే. ఏండ్ల తరబడి పొద్దుపొద్దునా అట్లాగే చేశాం, ఒక్కరోజు తప్పలేదు. పక్క బావులు చెడినా మాది నిలిచిందని అత్తమ్మకు లోపల గర్వం కూడా ఉండేది. పాలకూర ఆకు అంచులు మాడినట్టు కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని ఈతమట్టలు కప్పాం.

మా ఆడబిడ్డను జహీరాబాద్ అవతల ఒక పల్లెకిచ్చారు. కాన్పు అక్కడే అయింది, తర్వాత పిల్లకు బాగోలేక చాలాకాలం రాలేదు. ఆ ఎండాకాలం పిల్లను చంకనేసుకుని బస్సు దిగి వచ్చింది. గడపలో ఉండగానే అలవాటుగా చెంబుతో నీళ్లిచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుని, పక్కకు తిరిగి వాకిట్లోనే ఉమ్మేసింది.

"వదినా, ఏందీ నీళ్లు? ఇనుము నాకినట్లున్నయి, సేదు."

ప్రయాణం చేసి వచ్చావు, నోరు చేదెక్కి ఉంటుంది అంది అత్తమ్మ. ఆ చెంబే అందుకుని తను తాగింది, నాకిచ్చింది, నేనూ తాగాను. నిన్న ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. ఆడబిడ్డ సంచిలోంచి పిల్ల కోసం అత్తగారింటి నుంచి తెచ్చుకున్న సీసా తీసి, "ఇగ ఇవి తాగి సూడమ్మా" అంది. అత్తమ్మ ఆ నీళ్లు తాగింది. తర్వాత మళ్లీ మా నీళ్లు తాగింది. చెంబు నేల మీద పెట్టి, దానివైపే చూస్తూ కూర్చుంది. నేనూ అట్లాగే రెండూ తాగాను. చేదు మా నీళ్లలోనే ఉందని ఇంకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎప్పటినుంచి అని నాలో నేనే ఎంతో వెతుక్కున్నాను. ఇవాళ్టికీ తెలియదు. రోజూ తాగిన నోటికి రోజూ రవ్వంత చేదు అలవాటైపోయింది, నిన్నటితో పోల్చుకున్నామే తప్ప కిందటి ఏడాదితో పోల్చుకోలేదు. నాకు ఏడుపు రాలేదు. అత్తమ్మకూ రాలేదు. ఎవరింట్లోనో జరిగినది చూస్తున్నట్టు ఉంది.

ఆ సంగతి మా ముగ్గురు ఆడవాళ్లకే తెలుసు. ఆడబిడ్డ తల్లి చేయి పట్టుకుని, నాయినకు చెప్పకమ్మా, అంచులు మాడినా కూర పండుతూనే ఉంది కదా అంది. అత్తమ్మ చేయి విడిపించుకుంది. పొద్దుగూకి మామ డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, దగ్గరికి వెళ్లి, "నీళ్లు సెడినయి. ఇగ అమ్ముకో" అంది. అంతే. కోరినది దొరికిన మనిషి సంతోషపడాలి కదా, మామ తడి కాళ్లతో అట్లాగే నిలబడ్డాడు.

మర్నాడు కొత్తిమీర మడి కోతకొచ్చి ఉంది. ఆమె కోయలేదు, మోటరు వేయలేదు. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని క్వార్టర్లకు బయల్దేరింది. ఖాళీ గంప ఎందుకత్తమ్మా అంటే, గంప లేకుంటే తనను ఎవరు గుర్తుపడతారంది. ఇంటింటి ముందూ ఆగి, మా బావి నీళ్లు చెడినయి, ఇకనుంచి మేం రాము, మా కూర ఇంట్లో ఏమన్నా మిగిలి ఉంటే పారేయండి అని చెప్పింది. చాలామంది సరేనని తలుపేసుకున్నారు. ఒక కోస్తా అమ్మ మాత్రం, "అదేంటండీ, మొన్నటి గోంగూర ఎంత బాగుందో! మా పిల్లలు రెండు పూటలా అదే తిన్నారు" అంది. ఏండ్లుగా ఆ మాట కోసమే మడి చుట్టూ తిరిగిన మనిషి, గంప సర్దుకుని ముందుకు నడిచింది. నేను ఆమె ముఖంలోకి చూడలేదు.

భూమి పోయింది, అక్కడ గోదాము లేచింది. నేను మాత్రల కంపెనీలో ప్యాకింగు పనికి చేరాను. రిటైరయ్యేదాకా మంచి పనిమంతురాలినని పేరు తెచ్చుకున్నాను కానీ, ఆ డబ్బాల్లో ఒక్కటి కూడా నాది అనిపించలేదు. మా ఊళ్లో తోటలు చేసిన ఆడవాళ్లందరం ఇప్పుడు కట్టలు కొనుక్కునేవాళ్లమే, ఏది ఎక్కడ పండిందో అడిగితే అమ్మేవాళ్లకు కోపం, పక్కన ఉన్నవాళ్లకు నవ్వు.

అత్తమ్మ ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది. తిరిగేది, మాట్లాడేది, మనవళ్లను కసురుకునేది. ఒక్కటే మారింది. కూర దించి, ఉప్పు సరిపోయిందా చూడమని గంటెతో ఆమె అరచేతిలో వేస్తే, నోటి దాకా తీసుకుపోయి ఆగి, "నాకేం తెలుస్తది బిడ్డా, ఇంకెవరినన్న అడుగు" అని చేయి కడిగేసుకునేది. పోయేదాకా ఏ కూరనూ బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఏది పెడితే అది తిని లేచేది.