పొరపాటున దిగిన సింహాసనాలు

భూమ్మీద ఏ కష్టం వచ్చినా ఖాజా హుస్సేన్ దగ్గర ఒకటే మందు: "మేనేజ్ చేస్తాలే." రాప్తాడు హైవే పక్కన షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిచ్చే అంగడి ఆయనది. ఆ అంగట్లో దొరకని సామాను ఉండొచ్చు గానీ, మేనేజ్ కాని సమస్య మాత్రం ఉండదు.

సువార్త ఆ ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. క్రియలకు అర్థాలు చెప్పి వాక్యాల్లో వాడించడం ఆమె పని. ఈ ఒక్క క్రియను మాత్రం ఖాజా దగ్గరే పూర్తిగా నేర్చుకుంది. స్కూలు వార్షికోత్సవానికి ఆయన వేసిన షామియానాకు చిల్లుంది. అందులోంచి ఎండ సరిగ్గా హెడ్మాస్టరు బట్టతల మీద పడింది. "మేనేజ్ చేస్తా" అని ఖాజా పదినిమిషాలకోసారి ఆయన కుర్చీ జరుపుతూ పోయాడు. సభ ముగిసేసరికి హెడ్మాస్టరు వేదిక దిగి ఆరో తరగతి పిల్లల మధ్య ఉన్నాడు.

ఒక పెళ్ళిలో నీళ్ళ ట్యాంకరు రాలేదు. ఖాజా వంటాయన చెవిలో "ఊరిబిండి పచ్చడిలో కారం సగం తగ్గించప్పా" అన్నాడు. నీళ్ళు సరిపోయాయి. కారం లేదని అలిగిన పెద్దమనుషులను కూడా మేనేజ్ చేశాడు, అంటే తలా రెండు బీడాలిచ్చి బస్సెక్కించాడు. ఇంకో పెళ్ళిలో కుర్చీలు తక్కువైతే మైకు అందుకుని "భోజనాలు వడ్డిస్తాండారు" అని ప్రకటించాడు. సగం పందిరి లేచింది. వడ్డన లేదని తెలిసి వాళ్ళు తిరిగొచ్చేసరికి వాళ్ళ కుర్చీల్లో మగపెళ్ళివారున్నారు.

"అది మేనేజ్ కాదన్నా, అబద్ధం" అంది సువార్త.

"నీ డిక్షనరీ పాతదేమో చూసుకో టీచరమ్మా."

ఇంత చాకచక్యమున్న మనిషికి ఒకటే లోపం. లోడ్లు తారుమారయ్యేవి. ఒకరింటికి పోవాల్సిన సామాను ఇంకొకరి వాకిట్లో దిగేది. అందుకే తన పెళ్ళికి సామాను చెప్పినప్పుడు సువార్త చీటీ రాసి మరీ ఇచ్చింది: ఒక షామియానా, వంద ప్లాస్టిక్ కుర్చీలు. అంతకు మించి నాయన ఐజాక్ చేత ఖర్చు పెట్టించడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన ఎండలో కూలి చేసి ఆమెను చదివించాడు. మగపెళ్ళివారు మడకశిర నుంచి రెండు బస్సుల్లో వస్తున్నారు.

"వాళ్ళు మనల్ని జూసి నవ్వకుంటే సాలు పాపా" అని వారం నుంచి నాయనది అదే మాట. ఆమె భయమూ అదే.

పెళ్ళిరోజు పొద్దున ఎనిమిదైనా వాకిలి ఖాళీగా ఉంది. సువార్త ఫోన్ చేసింది.

"లారీ యాడుండాదన్నా?"

"వస్తాండాది టీచరమ్మా. మేనేజ్ చేస్తా."

"మేనేజ్ వద్దన్నా, కుర్చీలు కావాల."

లారీ వచ్చింది, ముందు సీట్లో ఖాజా. ముందు రెండు సింహాసనాలు దిగాయి. వెనకే మఖమల్ సోఫాలు, పట్టు తెరలు, దున్నపోతులంత కూలర్లు నాలుగు. కాంట్రాక్టరు తిప్పేస్వామి కొడుకు రిసెప్షన్ ఆ సాయంత్రమే అనంతపురంలో ఉంది. ఆ సామాను ఇది.

"ఇవి మావి కావన్నా" అంది సువార్త నీరసంగా.

ఖాజా తల కొట్టుకున్నాడు. "లోడు తప్పొచ్చింది. మళ్ళా ఎక్కించేకి టైం లేదు. తప్పు నాదే, బాడుగ ప్లాస్టిక్ కుర్చీలకే ఈండి. ఈ పొద్దుకు వీటితోనే ఎట్లోగట్ల మేనేజ్ చేసుకోండి."

సింహాసనాలతో సర్దుకోమని మనిషిని బతిమాలడం సువార్త ఎక్కడా వినలేదు.

చర్చిలో పెళ్ళయి అందరూ ఇంటికి వచ్చారు. పెళ్ళికొడుకు పెదనాన్న కూలర్ ఎదురుగా సోఫాలో కూర్చున్నవాడు భోజనానికి పిలిచినా కదల్లేదు. ఎక్కడికి పోయినా వెనక నిలబడే ఐజాక్ ఆయన పక్కనే కూర్చుని, మఖమల్‌ను అరచేత్తో నిమురుతూ కబుర్లు చెబుతున్నాడు. నాయన అంత దర్జాగా కూర్చోవడం చూసి సువార్తకు ప్రాణం లేచొచ్చింది.

లారీ డ్రైవరు అస్లాం బంతిలో తింటుంటే ఆమె దగ్గరికెళ్ళి అడిగింది. "ఈ లోడ్లు ఎవురెవురి ఇండ్లకు తప్పు పోయినాయి అస్లాం?"

"చానా ఇండ్లకు ఇట్లే సోఫాలు పోయినాయక్కా. కూలికి పోయే తిప్పమ్మ కూతురి పెండ్లికి, గొర్రెల నారాయణప్ప మనమరాలి నామకరణానికి..." అస్లాం ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "పెద్దిండ్లకు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలు ఒగసారి గూడా తప్పు పోలే. ఆ అడ్రసులు అన్నకు బాగా గుర్తు."

సువార్త చుట్టూ చూసింది. మూలన ఖాజా ఫోన్ చెవిన పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అటువైపు తిప్పేస్వామి.

"పంచరు, డ్రైవరుకు జ్వరం, ఈ సాకులు రెండూ ఆయనకు పోయినసారే చెప్పేసినా" అన్నాడు ఖాజా ఫోన్ మూసి పట్టుకుని, ఆమెతో గుసగుసగా. ఇన్నేళ్ళలో ఆయన 'మేనేజ్ చేస్తా' అనకపోవడం అదే మొదలు.

సువార్త ఫోన్ లాక్కుంది. "నమస్కారమండీ. సోఫాలు శుభ్రం చేయిస్తున్నాం. నాలుగింటికల్లా మీ హాల్లో ఉంటాయి."

గడియారంలో రెండున్నర. పెదనాన్న ఇంకా లేవలేదు, ఏ సోఫా కూడా ఖాళీ లేదు. సువార్త పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వేదికెక్కి మైకు అందుకుంది. "అందరూ ఇంటి వెనకపక్కకు రావాల. ఐస్‌క్రీం ఇస్తాండారు."

అందరికన్నా ముందు పెదనాన్న లేచాడు. అస్లాం సోఫాలు ఎత్తడం మొదలుపెట్టాడు.

ఖాజా బిత్తరపోయాడు. "టీచరమ్మా, ఐస్‌క్రీం యాడుండాది? అది అబద్ధం గదా?"

"మేనేజ్ చేయన్నా" అంది పెళ్ళికూతురు.

ఖాజా పెద్దగా నవ్వి, హైవే మీద ఐస్‌క్రీం బండి కోసం లగెత్తాడు.