ఆమె తానే మూసిన తలుపు

రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని చుట్టాలమంతా కిరాయి బస్సులో తిరిగి వస్తున్నాం. మా చిన్నాయన కొడుకు పోయి అప్పటికి ఏడాది దాటింది. అతని భార్య, నాకు మరదలు, దేవరకొండ దగ్గరి పల్లెలో అత్తతో, అంటే మా చిన్నమ్మతో కలిసి గొర్రెలను చూసుకుంటోంది. కల్వకుర్తిలో ఉండే ఆమె అన్న కూడా మాతో వచ్చాడు. ఈసారి చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోకుండా ఊరుకునేది లేదని పొద్దున్నే అందరికీ చెప్పేశాడు.

నల్లగొండ దాటాక డ్రైవర్ సినిమా పెట్టాడు. ఏదో పాతకాలపు కథ, తెలుగులోకి మార్చింది. క్రైస్తవ సన్యాసినుల మఠం, ఎత్తైన రాతి గోడలు, చిన్నప్పుడే అక్కడ వదిలేసిన ఒక పిల్ల, ఆమె సాకే ఆవు. ఇదేం సినిమా అని గొణిగిన ఆడవాళ్లే కాసేపటికి కన్ను తిప్పలేదు. చివర్లో, పెద్దయిన ఆ అమ్మాయి కోసం అన్న గుర్రపుబండి కట్టుకుని వస్తాడు. తలుపు తీసే ఉంది. ఆమె గడప దాకా నడిచింది.

"పో బిడ్డా, ఎక్కు!" అని వెనక సీటులోంచి ఒక ముసలమ్మ అరిచింది.

"యాడికి పోతది? లోపల ఆవు ఒర్లుతాంది, పిండొద్దా?" అంది మా చిన్నమ్మ.

"సిన్మా అంత చూసి నీకు ఆవే కానొచ్చిందా వదినా!" అని పక్కసీటావిడ నవ్వింది.

అమ్మాయి అన్న చేతులు పట్టుకుని ఏదో చెప్పింది. లోపలికి వెళ్లి తలుపు తానే మూసింది. అంతే, పేర్లు పడ్డాయి.

నేను పనిచేసే పత్రికలో ఇలాంటి ముగింపు గురించి రాయమంటే 'బందీగానే మిగిలింది' అని శీర్షిక పెట్టి పంపేవాళ్లం.

"గింతసేపు చూపెట్టి గిట్ల ఖరాబ్ చేసిండ్రు," అన్నాడు మరదలి అన్న. "అన్న వచ్చినంక గూడ ఆడనే ఉండుడేంది? పిచ్చిది."

"పిచ్చిదెందుకయితదన్నా? తలుపు ఇంకెవలన్న మూసిండ్రా?" మరదలు అతని వైపు తిరిగి కూర్చుంది. "నేను గూడ గంతే. నీ ఇంటికి పండుగకొస్త, పెండ్లికొస్త. ఉండనీకి రాను. గొర్లు నాయి, అత్త నాది."

"మల్ల నలుగురు నన్నేమంటరే?"

"మా చెల్లె మందను సాదుతాందని చెప్పు."

చిన్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, విననట్టే, కొంగుతో ముఖం తుడుచుకుంది.

పల్లె మలుపులో బస్సు ఆగింది. అన్నే ముందు దిగి ఇద్దరి సంచులూ అందుకున్నాడు. "జర ఆగుండ్రి, ఇంటిదాంక దింపొస్త," అని డ్రైవరుకు చెప్పి వాళ్ల వెనక నడిచాడు.